ఇల్లు అమ్మేటప్పుడు కరెంటు సర్టిఫికెట్ కావాలా? శ్రీకాకుళంలో ఒక పాత ఇంటి సంగతి

మీ ప్రశ్న ఇదీ. శ్రీకాకుళం గుజరాతీపేటలో మీ నాన్నగారు 1991లో కట్టిన ఇల్లు అమ్మకానికి పెట్టారు, మీరేమో హైదరాబాద్‌లో ఉంటున్నారు. కొనేవాళ్ల పెద్దబ్బాయి జొహానెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తూ, ఎలక్ట్రికల్ సర్టిఫికెట్ చూపిస్తేగానీ అగ్రిమెంటు వద్దంటున్నాడు. బ్రోకరు అలాంటివేవీ మన దగ్గర ఉండవని కొట్టిపారేశాడు. తెలిసిన ఎలక్ట్రీషియన్ మూడు వేలిస్తే లెటర్‌ప్యాడ్ మీద రాసిస్తానన్నాడు. ఎవరి మాట నిజం, అమ్మే ముందు రీవైరింగు చేయించాలా అని అడిగారు.

ఈ జిల్లాలో ముప్ఫై ఏళ్లుగా లైసెన్సు మీద వైరింగు పనులు చేస్తున్నాను. నాకు తెలిసినంతలో ముగ్గురూ తలా కొంత నిజమే చెప్పారు. అబద్ధం ఉన్నది ఆ మూడు వేల కాగితంలో.

ముందు చట్టం సంగతి. మన రాష్ట్రంలో మామూలు ఇల్లు అమ్మడానికి వైరింగు సర్టిఫికెట్ పెట్టాలన్న నిబంధన లేదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ చూస్తారు, లింకు డాక్యుమెంట్లు, పన్ను రసీదు చూస్తారు. మీ స్విచ్‌బోర్డు వెనకాల ఏముందో అడిగేవాళ్లు అక్కడ లేరు. ఆ అబ్బాయి మాత్రం తానుంటున్న ఊరి అలవాటు ప్రకారం అడిగాడు. దక్షిణాఫ్రికాలో ఇల్లు చేతులు మారేటప్పుడు వైరింగు నిబంధనల ప్రకారం ఉందన్న సర్టిఫికెట్ తప్పనిసరి, అదీ రెండేళ్ల కంటే పాతది కాకూడదు. ఫ్రాన్సులోనూ పదిహేనేళ్లు దాటిన వైరింగు ఉన్న ఇల్లు అమ్మాలంటే పరీక్ష నివేదిక జత చేయాలి. ఇంగ్లాండులో అద్దె ఇళ్లకు అయిదేళ్లకోసారి తప్పనిసరి చేశారు, అమ్మకానికి మాత్రం కాదు. కాబట్టి ఆయన్ని చాదస్తుడని అనుకోకండి. నేనైతే అలాంటి కొనుగోలుదారుడు దొరికితే సంతోషిస్తాను. టైల్స్ చూసి, వాస్తు చూసి, మెయిన్ స్విచ్ తలుపైనా తీయకుండా అడ్వాన్సు ఇచ్చేవాళ్లే మన దగ్గర ఎక్కువ.

అయితే మన చట్టంలో ఇంకో మాట ఉంది, బ్రోకర్లు చెప్పనిది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను. కొనేవాడు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేని పెద్ద లోపం ఆస్తిలో ఉండి, అది అమ్మేవాడికి తెలిసి ఉంటే, చెప్పి తీరాలని అందులో ఉంది. గోడలో పూడ్చిన కండ్యూట్ (పైపు) వైరింగు కంటే కనబడని వస్తువు ఇంట్లో ఏముంటుంది? వానొస్తే బాత్రూం కుళాయి జిల్లుమంటుందని మీ ఇంట్లో అందరికీ తెలిసి, సున్నం కొట్టించి అమ్మేశారనుకోండి, రేపు పేచీ వస్తే మీ దగ్గర జవాబుండదు. నిజమైన పరీక్ష చేయించి, ఉన్నదున్నట్టు రాసిన రిపోర్టు అగ్రిమెంటుకి జత చేస్తే ఆ పేచీకి చోటుండదు. సర్టిఫికెట్ కొనేవాడికోసమే అనుకుంటున్నారు గానీ, అమ్మేవాడిని కాపాడేదీ అదే.

ఇంకొకటి. మీ నాన్నగారి సంచిలో ఏపీఎస్‌ఈబీ (అప్పటి రాష్ట్ర విద్యుత్ బోర్డు) ముద్ర ఉన్న పాత టెస్టు రిపోర్టు దొరికితే దాన్ని చూపించి సరిపెట్టకండి. ఆ బోర్డే 1999లో విడిపోయింది, ఇప్పుడు మనకి కరెంటిచ్చేది ఏపీఈపీడీసీఎల్. ఆ కాగితం ఆనాడు సర్వీసు ఇచ్చేనాటి వైరింగు గురించి. ఆ తర్వాత ఏసీ వచ్చింది, గీజరు వచ్చింది, ఇన్వర్టరు వచ్చింది, పెరట్లో బోరు మోటారు వచ్చింది. ఇక సంస్థవాళ్ల బాధ్యత మీటరు దగ్గరితో సరి. మీటరు దాటి లోపలికొచ్చాక తీగ మీది, ప్రమాదమూ మీదే. లైన్‌మన్ వచ్చి మీటరు బాగుందన్నాడంటే ఇల్లు బాగుందని కాదు.

ఎవరిచేత చేయించాలి? ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చిన కాంట్రాక్టరు లైసెన్సు ఉన్నవాళ్లు, వాళ్ల దగ్గర సూపర్‌వైజర్ పర్మిట్ ఉన్న మనిషి ఉండాలి. లైసెన్సు జిరాక్సు అడిగి తీసుకోండి, గడువు చూడండి. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు దాకా వెళ్లాల్సింది మీ ఇంటికి కాదు, 15 మీటర్ల ఎత్తు దాటిన అపార్ట్‌మెంట్ల వంటి వాటికి. అపార్ట్‌మెంటులో ఫ్లాటు అమ్మేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, బిల్డింగు మొత్తానికి ఆ అనుమతి ఉందో లేదో అసోసియేషన్‌ని అడగండి.

మనిషిని పిలిచే ముందు ఫోనులో ఒక్క ప్రశ్న వేయండి: "మెగ్గర్ ఉందా?" అని. మెగ్గరంటే తీగ పైతొడుగు (ఇన్సులేషన్) ఎంత బాగుందో కొలిచే మీటరు. నసిగితే పెట్టేయండి. టెస్టరొకటి జేబులో పెట్టుకుని వచ్చి, నాలుగు ప్లగ్గుల్లో గుచ్చి, అన్నీ వెలుగుతున్నాయి బావూ అనేవాడు మూడు వేలకు రాసిచ్చేది ఆ మాటనే. రిపోర్టు అన్నాక అంకెలుండాలి. ఏ లైనులో ఇన్సులేషన్ ఎంత, ఎర్త్ రెసిస్టెన్సు ఎన్ని ఓములు, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) ఎన్ని మిల్లీసెకన్లలో పడింది, ఏ తేదీన, ఏ మీటరుతో చూశారు. "వైరింగు కండిషన్ సంతృప్తికరం" అన్న ఒక్క వాక్యం మాత్రమే ఉంటే అది రిపోర్టు కాదు, శుభాకాంక్షల కార్డు.

ఇక నేనయితే మీ ఇంట్లో ఏం చూస్తానో చెబుతాను. 1991 ఇల్లంటే దాదాపు కళ్లకు కట్టినట్టే ఉంటుంది నాకు. వరండాలో చెక్క బోర్డు మీద ఇనప మెయిన్ స్విచ్, పక్కన పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు నాలుగు. ఫ్యూజు క్యారియర్ బయటికి లాగితే సన్నటి ఫ్యూజు వైరుండాల్సిన చోట రెండు మూడు పోగులు మెలేసి ఉంటాయి, ఒక్కోసారి ఏకంగా రాగి వైరు ముక్కే ఉంటుంది. ఎవరో ఎండాకాలం రాత్రి, ఫ్యూజు మాటిమాటికీ పోతోందని విసుగొచ్చి వేసింది. లోపల వైర్లు 1/18, 3/20 గేజీ కాలంవి. 3/20 అంటే ఇప్పటి లెక్కలో 2 చదరపు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. లైట్లకీ ఫ్యాన్లకీ అది ఇప్పటికీ చాలు. దాని మీద ఒకటిన్నర టన్నుల ఏసీ, గీజరు వేస్తేనే తంటా.

దీనికి జనం చేసే వైద్యం ఒకటుంది. పాత ఫ్యూజులు పీకేసి కొత్త ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట పడిపోయే స్విచ్) డబ్బా పెట్టిస్తారు. బయటికి చూస్తే ధగధగా కొత్తిల్లులా ఉంటుంది. ఏసీ వేయగానే 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోతుంది, వెంటనే 32ది తెచ్చి పెడతారు. ఇక పడదు. అందరికీ ఆనందం. ఎంసీబీ ఉన్నది ఏసీని కాపాడటానికి కాదండీ, గోడలో ఉన్న తీగని కాపాడటానికి. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరుకి 10 ఆంపియర్లు, రెండున్నరకి 16, నాలుగుకి 20 లేదా 25. నేను ఇళ్లలో పెట్టే లెక్క ఇదే. సన్నటి వైరు మీద 32 పెడితే పడాల్సింది పడదు, కాలకూడనిది కాలుతుంది. కాబట్టి మీ ఇంట్లో ఎంసీబీలు కొత్తవైతే నేను మరింత అనుమానంగా చూస్తాను. దాని వెనక వైరు సైజేంటో బోర్డు విప్పి చూడాల్సిందే.

తర్వాత, నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైనది. మీ ఇంట్లో ఫ్రిజ్ పెట్టిన త్రీపిన్ సాకెట్ ఉంటుంది చూడండి, మెయిన్ ఆపి, దాని పలక విప్పించండి. పైన లావుపాటి పిన్ను ఎర్త్‌ది. అక్కడికి ఆకుపచ్చ వైరు రావాలి. పాత ఇళ్లలో చాలాచోట్ల ఆ వైరు ఉండదు. దాని బదులు పక్కనున్న న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) టెర్మినల్ నుంచి ఎర్త్ టెర్మినల్‌కి వేలెడంత నల్ల వైరు ముక్క కట్టి ఉంటుంది. ఎందుకు కట్టాడంటే, గోడలో ఎర్త్ వైరు లాగలేదు, గుంత తీయలేదు. ఫేజుకీ (కరెంటు వచ్చే తీగకీ) ఎర్త్‌కీ మధ్య టెస్టు లాంపు పెడితే మాత్రం భేషుగ్గా వెలుగుతుంది, యజమాని ఎర్త్ ఉందనుకుంటాడు.

అది ఎప్పుడు కాటేస్తుందంటే, స్తంభం దగ్గరో మీటరు దగ్గరో న్యూట్రల్ జాయింటు వదులైన రోజున. ఇంట్లో అన్నీ ఆగిపోతాయి, కరెంటు పోయిందనుకుంటారు. కానీ ఫేజు వస్తూనే ఉంది. వేసి ఉన్న ఏ బల్బు లోంచో, ఫ్యాను లోంచో న్యూట్రల్ తీగలోకి దిగుతుంది, అక్కడినుంచి ఆ వేలెడు ముక్క మీదుగా ఫ్రిజ్ ఒంటికి ఎక్కుతుంది. చీకట్లో మంచినీళ్లకని ఫ్రిజ్ హ్యాండిల్ పట్టుకున్నవాళ్ల గతి ఏంటి? బలగలో ఒకావిడ ఇలాగే పట్టుకుని విసురుగా వెనక్కి పడ్డారు, రబ్బరు చెప్పులుండబట్టి బతికారు. నేను వెళ్లి విప్పితే ఆ ఇంట్లో ఏడు సాకెట్లకి ఏడింటా అదే ముక్క. కట్టినవాడు పనిమంతుడే, ముళ్లు చూస్తే తెలుస్తుంది, ఎంత గట్టిగా బిగించాడో.

దీన్ని పలకలన్నీ విప్పకుండానే పట్టవచ్చు. ఫేజూ న్యూట్రలూ రెండూ తెగేలా డబుల్ పోల్ మెయిన్ ఆపి, సాకెట్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మల్టీమీటరు పెట్టాలి. దాదాపు సున్నా చూపిస్తే ఎక్కడో కలిపారన్నమాట. ఆర్‌సీసీబీ పెడితే ఇదే వ్యాధి వెంటనే బయటపడుతుంది. నిలబడదు, టక్కున పడిపోతుంది. అప్పుడు మనవాళ్లు "సార్, మీ ఇంటికి ఇది సెట్ అవదు" అని దాన్ని తీసేస్తారు, లేకపోతే బైపాస్ చేసి బొమ్మలా ఉంచేస్తారు. ఆర్‌సీసీబీ పడుతోందంటే అది చాడీ చెబుతోందని అర్థం. చాడీ చెప్పినదాన్ని కొడతామా, వెళ్లి చూస్తామా?

రెండు పరికరాలకీ తేడా కొనేవాళ్లకి కూడా చెప్పండి. ఎంసీబీ మనిషిని షాకు నుంచి కాపాడదు. ఆర్‌సీసీబీ ఓవర్‌లోడుని ఆపదు. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్లది కావాలి. 100, 300 అని రాసి ఉన్నవీ దొరుకుతాయి, అవి నిప్పు భయానికి పనికొస్తాయి గానీ మనిషి ప్రాణానికి కాదు. టెస్టు బటన్ నొక్కితే పడటం ఒకటి, టెస్టరుతో 30 మిల్లీ ఆంపియర్లు పంపితే 300 మిల్లీసెకన్ల లోపు పడటం ఒకటి. రిపోర్టులో రెండోదే రాయించుకోండి.

ఇన్సులేషన్ పరీక్షకి 500 వోల్టుల మెగ్గర్ వాడతాం. బల్బులు, టీవీ, ఫ్రిజ్ అన్నీ ఊడదీసి, స్విచ్‌లు మాత్రం వేసి ఉంచి, ఒక్కో లైనుకి ఫేజు, న్యూట్రల్ కలిపి ఎర్త్‌తో చూడాలి. ఒక మెగోమ్‌కి (పది లక్షల ఓములకి) తక్కువొస్తే ఆ లైను పనికిరాదు. కొత్త పీవీసీ వైరు అయితే పదులు, వందల మెగోములు చూపిస్తుంది. 2, 3 వస్తే పాసే, కానీ ముసలిదైందని లెక్క.

ఇక్కడ మన ఊరి వాతావరణం గురించి చెప్పాలి. ఇన్సులేషన్‌ని వానల్లో చూడాలి, ఎర్త్‌ని ఎండల్లో చూడాలి. చాలామంది ఉల్టా చేస్తారు. అరసవల్లి వైపు ఒక ఇంట్లో పెద్దావిడ నాతో, "వోనొస్తే కుళాయి జివ్వుమంటాది బావూ, ఎండలప్పుడు ఏటీ ఉండదు" అన్నారు. కొడుకులు నమ్మలేదు, వయసు మీద పడిందని నవ్వారు. మే నెలలో చూస్తే ఆ బాత్రూం లైను 6 మెగోములు, బ్రహ్మాండం. ఆగస్టులో మళ్లీ వెళ్లాను, 0.1 కూడా లేదు. గోడలో చెమ్మ ఎక్కినచోట కండ్యూట్ లోపల టేపు చుట్టిన జాయింటు ఒకటి ఉంది. డాబా మీద నీళ్లు నిలిచి ఆ పైపులోకే దిగుతున్నాయి. ఎర్త్‌ది దీనికి తిరగేసిన కథ. వానాకాలం నేల తడిసి ఉంటుంది కాబట్టి తుప్పుపట్టిన పైపు కూడా మంచి అంకె చూపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో అసలు రంగు తెలుస్తుంది. ఇంటి ఎర్త్ నాకు 5 ఓముల లోపు రావాలి.

మీ ఇంటి ఎర్త్ పైపు అసలుందా అన్నది వేరే ప్రశ్న. ఆ రోజుల్లో జీఐ పైపు దించి ఉప్పు, బొగ్గు పొరలు వేసేవాళ్లం. నేల రెసిస్టెన్సు తగ్గించేది ఆ ఉప్పే, పైపుని తినేసేదీ ఆ ఉప్పే. ముప్ఫై ఏళ్ల తర్వాత చాలాచోట్ల పైన క్లాంపు, రెండడుగుల పైపు కనిపిస్తాయి, పట్టుకుని ఊపితే కర్రలా చేతిలోకి వచ్చేస్తుంది. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఊళ్లలో ఇంకా ముందే. ఇప్పుడు కాపర్ బాండెడ్ (రాగి పూత ఉన్న) రాడ్లు, ఉప్పు లేని పౌడర్లు వచ్చాయి, అవే వేయించండి.

మీ ఇల్లు నాగావళికి దగ్గరని రాశారు. ఏ సంవత్సరమైనా నీళ్లు గదుల్లోకొచ్చి కింది ప్లగ్గులు మునిగాయా? మునిగి ఉంటే ఆ విషయం టెస్టు చేసేవాడికి ముందే చెప్పండి. బురద నీరు కండ్యూట్‌లోకి వెళ్తే పైకి ఆరినట్టుంటుంది, లోపల ఒండ్రు అలాగే ఉండిపోతుంది. తుపానుల సంగతీ అంతే. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చాక పలాస, మందస వైపు కొన్ని ఇళ్లకు పనికెళ్లాను. హడావుడిలో ఇంటివాళ్లే మీటరు బోర్డులో తీగలు తిరిగి బిగించుకున్నారు, ఫేజు, న్యూట్రల్ తారుమారయ్యాయి. అప్పుడు స్విచ్ ఆపినా ఆగేది న్యూట్రలే, హోల్డరులో ఫేజు అలాగే ఉంటుంది. బల్బు మార్చేవాడికి తెలియదు. స్విచ్ ఆపి హోల్డరులో టెస్టరు పెడితే వెలుగుతోందా, తారుమారైందని అర్థం. ఇదొక్కటి ఏ ఎలక్ట్రీషియనైనా రెండు నిమిషాల్లో చూస్తాడు.

ఇప్పుడు రీవైరింగు మాట. చేయించకండి. కొనేవాళ్లు గృహప్రవేశానికి ముందే గోడలు కొట్టిస్తారు, వాళ్ల మంచం ఎటు, టీవీ ఎటు, మాడ్యులర్ కిచెన్ ఎటు అన్నది వాళ్లకే తెలుసు. మీరు లక్ష ఖర్చు పెట్టి లాగిన వైరు వాళ్లు నెలలో పీకేస్తారు. దానికి బదులు రిపోర్టు చూపించి ధరలో కొంత తగ్గించడం ఇద్దరికీ మేలు. నేను పట్టుబట్టేవి రెండే, అవి ఇల్లు అమ్ముడైనా కాకపోయినా చేయించండి: కొత్త ఎర్త్ గుంత ఒకటి, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి. ఆర్‌సీసీబీ వస్తువు మంచి కంపెనీదే రెండు మూడు వేలలో దొరుకుతుంది. దాన్ని నిలబెట్టాలంటే ఆ న్యూట్రల్ ముక్కలు తీయాలి, సాకెట్లకు నిజమైన ఎర్త్ లాగాలి. ఆ కూలీ వస్తువు కంటే ఎక్కువవుతుంది, బేరమాడకండి. ఇప్పుడు మీ ఇంట్లో అద్దెకున్నవాళ్లకు చిన్నపిల్లలున్నారని రాశారు, రిజిస్ట్రేషను దాకా ఆగాల్సిన పని కాదిది.

కాగితాల విషయంలో కొన్ని. మీటరు ఇంకా మీ నాన్నగారి పేరునే ఉంటుంది, నాకు తెలిసి శ్రీకాకుళంలో సగం ఇళ్ల బిల్లులు తాతల పేర్ల మీదే వస్తున్నాయి. అమ్మకం తర్వాత సేల్ డీడ్ కాపీతో కొన్నవాళ్లు పేరు మార్పించుకోవాలి, మీరు అభ్యంతరం లేదని సంతకం చేసివ్వాలి. సెక్యూరిటీ డిపాజిట్ ఎవరికి చెందుతుందో అగ్రిమెంటులోనే ఒక లైను రాసుకోండి, చిన్న మొత్తానికి పెద్ద మాటలొస్తాయి. బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు (సంస్థ దగ్గర ఒప్పుకున్న లోడు) ఎంతుందో చూడండి. ఒక కిలోవాట్ అని ఉండి ఇంట్లో రెండు ఏసీలుంటే, అదనపు లోడు డబ్బు ఎవరు కట్టాలన్నది ముందే తేల్చుకోవాలి. ముందుగదిని ఎప్పుడైనా షాపుకిచ్చి ఉంటే బిల్లు కేటగిరీ (ఇంటిదా, వ్యాపారానిదా) కూడా చూడండి.

బకాయిలు అస్సలు మిగల్చకండి. పాత యజమాని బాకీకి నాకేం సంబంధం అని కొన్నవాళ్లు అనుకుంటారు. కానీ 2023 మేలో సుప్రీంకోర్టు కె.సి. నినాన్ కేసులో చెప్పిందేమిటంటే, సప్లై నిబంధనల్లో ఉంటే, ఆ ఆవరణకి కనెక్షను ఇవ్వడానికి పాత బాకీ కట్టమని సంస్థ కొత్త యజమానిని అడగొచ్చు. ఆ అబ్బాయి జొహానెస్‌బర్గ్ నుంచి అంత దూరం ఆలోచిస్తున్నాడంటే ఇది కూడా అడుగుతాడు, మీరే ముందు చూపించండి.

రిజిస్ట్రేషను రోజు పొద్దున్నే మీటరు రీడింగు ఫోటో తీయండి, తేదీ, సర్వీసు నంబరు కనబడేలా. కొనేవాళ్లని కూడా పక్కన నిలబెట్టి తీయండి. అప్పటిదాకా వాడిన యూనిట్లు మీవి, ఆ తర్వాతవి వాళ్లవి. మెగ్గర్ రీడింగులు వచ్చాక ఇక్కడే పెట్టండి, లైనువారీగా చూసి ఏది ఆగొచ్చో ఏది ఆగకూడదో చెబుతాను. ఫ్రిజ్ సాకెట్ మాత్రం ఈ ఆదివారమే విప్పించండి.